ఎంత తిన్నా ఒంటికి పట్టని పిల్లి

పదమూడేళ్ల పిల్లి. పళ్లెంలో పెట్టింది పెట్టినట్టు ఊడ్చేస్తోంది, ఇంకా కావాలని కాళ్లకు అడ్డం పడుతోంది. నిరుడు మంచం ఎక్కడానికే బద్ధకించినది ఇప్పుడు బీరువా మీదికి దూకుతోంది. ముసలితనంలో మళ్లీ పిల్లతనం వచ్చిందని ఇంట్లో అందరికీ సంబరం. మనిషికైనా జంతువుకైనా మన ఇళ్లలో ఆరోగ్యానికి కొలత ఒకటే: తిండి సహిస్తోందా, లేదా? ఆకలి బాగుంటే అంతా బాగున్నట్టే. పిల్లుల్లో థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసే జబ్బు సరిగ్గా ఈ నమ్మకం చాటునే పెరుగుతుంది. మిగతా జబ్బులు చాలావరకు తిండి మానిపించి బయటపడతాయి. ఇది తిండి పెంచి దాక్కుంటుంది.

వయసు మళ్లిన పిల్లులకు వచ్చే హార్మోను జబ్బుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. సగటున పన్నెండు, పదమూడేళ్ల వయసులో బయటపడుతుంది. ఎనిమిదేళ్ల లోపు పిల్లుల్లో చాలా అరుదు. అమెరికా, బ్రిటన్ లాంటి దేశాల్లో పదేళ్లు దాటిన పిల్లుల్లో ఇంచుమించు పదింట ఒకదానికి ఉంటుందని అంచనా.

తెలుగు పాఠకులకు థైరాయిడ్ కొత్త సంగతేమీ కాదు. పొద్దున్నే పరగడుపున చిన్న మాత్ర వేసుకునే పిన్నో, అత్తయ్యో, వదినో దాదాపు ప్రతి చుట్టరికంలోనూ ఉంటారు. ఆ మాత్ర ఎక్కువమందికి థైరాయిడ్ మందగించినందుకు. ఒళ్లు రావడం, నీరసం, చలికి తట్టుకోలేకపోవడం దాని లక్షణాలు. కుక్కల్లోనూ తరచుగా కనిపించేది ఈ మందగించే రకమే. పిల్లి దారి వేరు. దాని థైరాయిడ్ తనంతట తాను మందగించడం బహు అరుదు, హద్దు మీరి పనిచేయడమే మామూలు. కాబట్టి ఇంట్లో మనిషి అనుభవాన్ని బట్టి పిల్లి జబ్బును ఊహించబోతే లెక్క తలకిందులవుతుంది.

విచిత్రం ఏమిటంటే 1970ల చివరిదాకా పశువైద్యుల పుస్తకాల్లో ఈ జబ్బు ఊసే లేదు. 1979లో న్యూయార్క్ యానిమల్ మెడికల్ సెంటర్‌కు చెందిన మార్క్ పీటర్సన్ బృందం, 1980లో బోస్టన్ ఏంజెల్ మెమోరియల్ ఆస్పత్రికి చెందిన జీన్ హోల్జ్‌వర్త్ బృందం దీన్ని మొదటిసారి లోకానికి చెప్పాయి. బోస్టన్ వాళ్లు రాసింది పది పిల్లుల గురించి. 1983 నాటికి పీటర్సన్ బృందమే 131 పిల్లుల వివరాలు ప్రచురించింది. ఆ తర్వాత కెనడా, బ్రిటన్, పశ్చిమ ఐరోపా, ఆస్ట్రేలియా, జపాన్, ఎక్కడ చూసినా ఇదే కథ.

మరి అంతకుముందు పిల్లులకు ఈ జబ్బు లేదా, ఉన్నా ఎవరూ పట్టించుకోలేదా? పెరిగిన థైరాయిడ్ గ్రంథులు శవపరీక్షల్లో అప్పుడప్పుడు కనిపించేవి. అదీగాక పిల్లులకు మంచి తిండి, టీకాలు, నీడపట్టున బతుకు అమరడంతో ముసలి పిల్లుల సంఖ్యే పెరిగింది. ముసలి పిల్లులు పెరిగితే ముసలి వయసు జబ్బులూ పెరుగుతాయి కదా అనుకోవచ్చు. కానీ అమెరికాలో తొమ్మిది పశువైద్య కళాశాలల ఆస్పత్రుల్లో 1978 నుంచి 1997 దాకా ఉన్న రికార్డులను తిరగేసినప్పుడు, వయసు తేడాను లెక్కలోకి తీసుకున్నాక కూడా జబ్బు ఏటికేడు పెరిగినట్టే తేలింది. వైద్యుల చూపు పదునెక్కడం ఒక్కటే దీనికి కారణమంటే నమ్మడం కష్టం. ఆ సంగతి మళ్లీ చూద్దాం. ముందు గొంతులో ఏం జరుగుతుందో తెలియాలి.

పిల్లి స్వరపేటిక కింద, శ్వాసనాళానికి అటొకటి ఇటొకటి థైరాయిడ్ భాగాలు రెండుంటాయి. ఒక్కోటి సుమారు రెండు సెంటీమీటర్ల పొడవు, అర సెంటీమీటరు వెడల్పు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేతికి తగలనే తగలవు. తిండిలోంచి వచ్చే అయోడిన్‌తో ఇవి టీ4, టీ3 అనే హార్మోన్లు తయారుచేస్తాయి. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, పేగులు ఎంత జోరుగా కదలాలి, ఒంట్లో కొవ్వూ కండా ఎంత త్వరగా ఖర్చు కావాలి అన్నవి చాలావరకు వీటి చేతిలో ఉంటాయి. ఎంత హార్మోను తయారుకావాలో చెప్పేది మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి. రక్తంలో హార్మోను తగ్గితే అది టీఎస్‌హెచ్ విడుదల చేసి థైరాయిడ్‌ను తొందరపెడుతుంది, ఎక్కువైతే టీఎస్‌హెచ్ ఆపేస్తుంది.

జబ్బు చేసిన పిల్లిలో థైరాయిడ్ కణాలు కొన్ని గుంపులుగా పెరిగి గడ్డలు కడతాయి. ఈ గడ్డలు పిట్యూటరీ మాట వినవు. టీఎస్‌హెచ్ పూర్తిగా అడుగంటినా తమ పాటికి తాము హార్మోను తయారుచేస్తూనే ఉంటాయి. ఇంచుమించు 70 శాతం పిల్లుల్లో రెండు వైపులా ఉంటాయి. క్యాన్సర్ అయ్యేవి నూటికి రెండు మూడే, మిగతావి ప్రాణానికి నేరుగా ముప్పు తేని మామూలు గడ్డలు. మనుషుల్లో థైరాయిడ్ అతిగా పనిచేయడానికి ప్రధాన కారణమైన గ్రేవ్స్ వ్యాధిలో రోగనిరోధక వ్యవస్థే గ్రంథిని రెచ్చగొడుతుంది. పిల్లులది ఆ రకం కాదు. పెద్ద వయసు మనుషుల్లో కనిపించే, గడ్డలు కట్టి అతిగా పనిచేసే గాయిటర్‌కు ఇది దగ్గర బంధువు. గ్రేవ్స్‌లో లాగా పిల్లి కనుగుడ్లు ముందుకు పొడుచుకు రావడం ఉండదు.

ఇక లక్షణాలు. అన్నిటికంటే ముందు వచ్చేది, అన్నిటికంటే ఆలస్యంగా గమనించేది బరువు తగ్గడం. నాలుగు కిలోల పిల్లి నాలుగు వందల గ్రాములు తగ్గితే మనకు అదొక లెక్కే కాదు. అరవై కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినట్టని తట్టదు. పైగా రోజూ కళ్లముందే తిరిగే జంతువు, ఒంటినిండా బొచ్చు. చాలా పిల్లుల్లో జబ్బు పేరు తెలియడానికి ఏడాది, రెండేళ్ల ముందే బరువు జారడం మొదలవుతుందని పాత వైద్య రికార్డులు తిరగేస్తే బయటపడింది. కొవ్వూ కండా కరుగుతాయి. వెన్ను నిమిరితే వేళ్లకు ఎముకల వరస తగులుతుంది. దూరపు చుట్టాలు వచ్చి “ఇదేంటి, ఇలా చిక్కిపోయింది?” అనేదాకా ఇంట్లోవాళ్లకు కనపడకపోవడం మామూలే.

తక్కినవి ఒక్కో పిల్లిలో ఒక్కో పాళ్లలో కలుస్తాయి. ఆత్రంగా తిని కక్కడం, విరేచనాలు, ఎప్పుడూ లేనిది నీళ్ల గిన్నె ఖాళీ చేయడం, ఇసుక తట్ట రోజుకు రెండుసార్లు ఎత్తాల్సి రావడం. నడిరాత్రి గొంతెత్తి అరవడం. కాలు కాలిన పిల్లి అని మనం మనుషుల్ని అంటాం గానీ, ఈ జబ్బు చేసిన పిల్లికి ఆ మాట అక్షరాలా సరిపోతుంది. ఒక్కచోట నిలవదు, వైద్యుడి బల్ల మీద రెండు నిమిషాలు ఉంచడం కూడా కష్టం. బొచ్చు జిడ్డుగా, ఉండలు కట్టి ఉంటుంది. కొన్ని పిల్లులు అదేపనిగా నాకి నాకి బొచ్చు ఊడగొట్టుకుంటాయి. ఇదివరకు ఎండపొడ వెతుక్కునే పిల్లి చల్లని గచ్చు వెతుక్కుంటుంది. కుక్కలా నోరు తెరిచి రొప్పితే మాత్రం, వేసవి కదా అని సరిపెట్టుకోకూడదు. పిల్లి రొప్పడం ఏ కాలంలోనైనా వైద్యుడికి చూపించాల్సిన విషయమే.

ఈ లక్షణాల జాబితా కాలంతో పాటు మారింది, అదే నాకు ఈ కథలో ఆసక్తి కలిగించే సంగతి. 1983 నాటి పీటర్సన్ లెక్కలో ఐదింట నాలుగు పిల్లులకు అతి ఆకలి, నాలుగింట మూడింటికి నిలకడలేనితనం ఉన్నాయి. పదేళ్ల తర్వాత అదే న్యూయార్క్ ఆస్పత్రిలో మరో రెండు వందల పిల్లులను లెక్కేస్తే అతి ఆకలి సగానికి పడిపోయింది, నిలకడలేనితనం మూడో వంతుకు దిగింది. జబ్బు మెత్తబడలేదు. వైద్యులు ముసలి పిల్లులన్నిటికీ టీ4 పరీక్ష చేయించడం మొదలుపెట్టారు, జబ్బు తొందరగా దొరికింది, అంతే. కాబట్టి పుస్తకంలో ఉన్న బొమ్మ, ఎముకల గూడులా మారి ఇల్లంతా పరుగెత్తే పిల్లి, ఆలస్యంగా తెచ్చిన పిల్లి బొమ్మ. ఇవాళ ఆస్పత్రికి వచ్చే పిల్లుల్లో చాలావాటికి కొద్దిగా బరువు తగ్గడం, అప్పుడప్పుడు వాంతి తప్ప మరేమీ ఉండకపోవచ్చు.

దీనికి పూర్తిగా ఎదురు తిరిగే పిల్లులూ కొన్ని ఉన్నాయి. తిండి సహించక, డీలాపడి, మూలన పడుకుని ఉంటాయి. టీ4 చూస్తే ఎక్కువే. గుండె బాగా దెబ్బతిన్నప్పుడో, జబ్బుతో పాటు మరో జబ్బు తోడైనప్పుడో ఇలా జరుగుతుంది. పొటాషియం బాగా పడిపోయిన పిల్లి మెడ ఎత్తలేక తల వాల్చేస్తుంది. ఆకలి లేదు కాబట్టి థైరాయిడ్ కాదని కొట్టేయడం కూడా పొరపాటే.

గుండె గురించి కాస్త ఆగి చెప్పాలి. హార్మోను ఎక్కువైనకొద్దీ గుండె వేగం పెరుగుతుంది. ఆస్పత్రి భయంలో ఆరోగ్యమైన పిల్లి గుండె కూడా నిమిషానికి 200 సార్లు కొట్టుకోగలదు, 240 దాటితే మాత్రం అనుమానించాలి. స్టెతస్కోపులో రెండు చప్పుళ్ల బదులు గుర్రపు నడకలా మూడు వినిపించవచ్చు, గుండె గోడలు దళసరి కావచ్చు. రక్తపోటు పెరిగిన పిల్లుల్లో కొన్నిటికి కంటి వెనక రెటీనా పొర ఊడి, రాత్రికి రాత్రే చూపు పోతుంది. కనుపాపలు విచ్చుకుపోయి, గోడలకు గుద్దుకుంటూ వచ్చిన పిల్లికి కంటి జబ్బనే అనుకుంటారు. ముసలి పిల్లికి హఠాత్తుగా చూపు పోతే కంటితో పాటు బీపీ, కిడ్నీలు, థైరాయిడ్ మూడూ చూడాలి. రోజుల్లో వైద్యం మొదలైతే కొన్నిటికి కొంత చూపు తిరిగి వస్తుంది.

రోగనిర్ధారణ వైద్యుడి వేళ్లతో మొదలవుతుంది. పిల్లిని కూర్చోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తి, బొటనవేలు ఒకవైపు, చూపుడువేలు రెండోవైపు శ్వాసనాళాన్ని ఆనించి, స్వరపేటిక దగ్గరి నుంచి రొమ్ము ఎముక దాకా మెల్లగా జారుస్తారు. పెరిగిన గడ్డ ఉంటే వేళ్ల కింద చటుక్కున జారిపోతుంది. పిల్లి థైరాయిడ్ చుట్టుపక్కల కణజాలానికి వదులుగా అతుక్కుని ఉంటుంది, బరువెక్కేకొద్దీ కిందికి జారుతుంది. కొన్నిసార్లు ఛాతీలోకే దిగిపోయి చేతికి అందదు. అందుకే మెడ పైభాగం మాత్రమే తడిమి ఏమీ లేదనడం సరికాదు. చేయి తిరిగిన వైద్యులు జబ్బున్న పిల్లుల్లో పదింట తొమ్మిదింటికి గడ్డను పట్టుకోగలరు. గట్టిగా నొక్కితే మాత్రం ఎవరికీ దొరకదు, ఈ పరీక్షలో మెత్తని చేయిదే గెలుపు.

గడ్డ తగిలినంత మాత్రాన జబ్బు తేలిపోదు. గడ్డ ఉండి హార్మోను ఇంకా హద్దు దాటని పిల్లులు ఉంటాయి. వాటిని ఆరు నెలలకోసారి పరీక్షిస్తూ కనిపెట్టి ఉండాలి. అసలు నిర్ధారణకు రక్తపరీక్ష కావాలి.

మనుషుల థైరాయిడ్ రిపోర్టు చూసినవాళ్లకు ఇక్కడొక తిరకాసు ఎదురవుతుంది. మనకు ముందు చూసేది టీఎస్‌హెచ్. పిల్లులకు ముందు చూసేది మొత్తం టీ4. పిల్లి టీఎస్‌హెచ్ కొలవడానికి చాలాకాలం పాటు కుక్కల కోసం చేసిన కిట్లే వాడారు. అవి పిల్లి టీఎస్‌హెచ్‌ను పట్టుకోగలవు గానీ, మరీ కొద్దిగా ఉంటే పసిగట్టలేవు. ఆరోగ్యమైన పిల్లికీ ‘లేదు’ అని రావచ్చు, జబ్బు పిల్లికీ ‘లేదు’ అనే వస్తుంది. కాబట్టి తక్కువ రావడంతో జబ్బు రుజువు కాదు. కనిపించేంత టీఎస్‌హెచ్ ఉంటే మాత్రం థైరాయిడ్ అతిగా పనిచేస్తోందన్న అనుమానం దాదాపు తీరిపోతుంది.

టీ4 విషయానికొస్తే, చాలా ల్యాబుల్లో పిల్లికి మామూలు హద్దు డెసిలీటరుకు ఇంచుమించు 0.8 నుంచి 4 మైక్రోగ్రాములు. లక్షణాలుండి, గడ్డ తగిలి, టీ4 ఈ హద్దు దాటితే ఇక వెతకాల్సిన పనిలేదు. జబ్బున్న పిల్లుల్లో తొంభై శాతానికి పైగా ఈ దారిలోనే తేలిపోతాయి. చిక్కంతా మిగిలిన పదిశాతంతో. జబ్బు మొదటి దశలో హార్మోను రోజురోజుకీ పైకీ కిందికీ ఊగుతుంది, ఇవాళ హద్దు దాటింది రేపు లోపలికి రావచ్చు. ఇంకో చిక్కు, కిడ్నీ జబ్బో, మధుమేహమో, పేగుల జబ్బో తోడుంటే టీ4 కిందికి లాగబడి, మామూలుగా ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే ముసలి పిల్లికి మూడో, మూడున్నరో వచ్చిందంటే రిపోర్టులో నక్షత్రం గుర్తు లేకపోయినా నిశ్చింతగా ఉండకూడదు. మరో జబ్బుతో తీసుకుంటున్న పిల్లికి టీ4 అడుగున ఉండాలి కదా, పైన ఎందుకుంది అని అడగాలి. రిపోర్టులో అచ్చయిన హద్దులు అన్ని వయసుల పిల్లులకూ కలిపి వేసినవి. కంప్యూటర్ ఎర్రగీత గీయకపోతే అంతా సవ్యమేనని మడిచి జేబులో పెట్టుకునే అలవాటు మనుషుల రిపోర్టుల విషయంలో ఎంత చెడ్డదో ఇక్కడా అంతే.

ఇలాంటి సందేహంలో రెండు మూడు వారాలు ఆగి మళ్లీ టీ4 చేయించడం అన్నిటికంటే చవకైన, తెలివైన పని. దాంతోపాటు రక్తంలో ప్రొటీన్లకు అంటుకోకుండా విడిగా తిరిగే ఫ్రీ టీ4 కొలిపించవచ్చు. ఇది జబ్బును మరింత గట్టిగా పట్టుకుంటుంది, కానీ దాని లోపం దానికుంది. థైరాయిడ్ జబ్బేమీ లేకుండా వేరే రోగంతో ఉన్న పిల్లుల్లో కొన్నిటికి ఫ్రీ టీ4 ఎక్కువగా వస్తుంది. కాబట్టి దాన్ని ఒంటరిగా నమ్మరు. మొత్తం టీ4 పై సగంలో ఉండి, ఫ్రీ టీ4 కూడా ఎక్కువుంటే జబ్బు వైపు మొగ్గుతారు. మొత్తం టీ4 అడుగున ఉండి ఫ్రీ టీ4 ఒక్కటే ఎక్కువుంటే వేరే రోగం కోసం వెతుకుతారు.

అప్పటికీ తేలకపోతే టీ3 అణచివేత పరీక్ష ఉంది. దీని వెనకున్న ఆలోచన బాగుంటుంది. పిల్లికి బయటి నుంచి టీ3 మాత్రలు, ఎనిమిది గంటలకోసారి 25 మైక్రోగ్రాముల చొప్పున రెండు రోజులు ఇచ్చి, మూడో రోజు పొద్దున ఏడో మాత్ర వేస్తారు. ఆరోగ్యమైన పిల్లిలో పిట్యూటరీ ఈ హార్మోను చూసి టీఎస్‌హెచ్ ఆపేస్తుంది, సొంత టీ4 పడిపోతుంది. గడ్డలున్న పిల్లిలో టీ4 పెద్దగా కదలదు. పరీక్ష ముందూ తర్వాతా టీ4తో పాటు టీ3 కూడా కొలుస్తారు. మాత్రలు వేసింది ఇంటివాళ్లు కాబట్టి టీ3 పెరగకపోతే పిల్లి మాత్రలు మింగలేదన్నమాట. పిల్లికి మూడో రోజు పొద్దుటికల్లా ఏడు మాత్రలు మింగించిన అనుభవం ఉన్నవాళ్లకు ఆ జాగ్రత్త ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే నమ్మకమైనది, అన్నిచోట్లా దొరకనిది స్కానింగ్. టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని కొద్దిగా నరంలోకి ఎక్కిస్తే థైరాయిడ్, లాలాజల గ్రంథులు రెండూ దాన్ని పీల్చుకుంటాయి. ఆరోగ్యమైన పిల్లిలో రెండూ ఇంచుమించు సమానంగా వెలుగుతాయి. జబ్బు పిల్లిలో థైరాయిడ్ మిగతావాటిని మించి వెలుగుతుంది. ఒకవైపే గడ్డ ఉంటే రెండోవైపు అసలు కనిపించదు, ఎందుకంటే టీఎస్‌హెచ్ అందక అది నిద్రపోయింది. ఛాతీలో దాక్కున్న గడ్డ, పుట్టుకతోనే పక్కదారి పట్టి వేరేచోట చేరిన థైరాయిడ్ ముక్క కూడా ఇందులో దొరికిపోతాయి.

ఇవన్నీ చేస్తూ వైద్యుడు మనసులో మరికొన్ని జబ్బులను కూడా బేరీజు వేస్తుంటాడు. తింటూనే చిక్కిపోయే పిల్లికి మధుమేహం ఉండొచ్చు, పేగుల వాపు ఉండొచ్చు, పేగుల్లో లింఫోమా అనే క్యాన్సర్ ఉండొచ్చు. నీళ్లు ఎక్కువ తాగే ముసలి పిల్లికి కిడ్నీ జబ్బు ఉండొచ్చు. మామూలు రక్తపరీక్షలో కాలేయపు ఎంజైములు పెరిగి ఉంటే కాలేయం చెడిందని కంగారు పడతారు గానీ, ఈ జబ్బున్న పిల్లుల్లో అధిక శాతానికి అవి పెరిగే ఉంటాయి, థైరాయిడ్ అదుపులోకి వస్తే వాటంతట అవే దిగుతాయి.

కిడ్నీల కథ మాత్రం అంత తేలిగ్గా తేలదు. థైరాయిడ్ హార్మోను ఎక్కువైనప్పుడు కిడ్నీలకు రక్తప్రవాహం పెరుగుతుంది, వడపోత జోరందుకుంటుంది. దాంతో కిడ్నీల పనికి కొలతగా రక్తంలో చూసే క్రియాటినిన్ తగ్గుతుంది. క్రియాటినిన్ పుట్టేది కండల్లోంచి, కండలేమో కరిగిపోతున్నాయి, దాంతో అది ఇంకా తగ్గుతుంది. లోపల కిడ్నీలు సగం చెడి ఉన్నా రిపోర్టు బాగానే ఉంటుంది. థైరాయిడ్‌కు వైద్యం చేయగానే ప్రవాహం మామూలు స్థాయికి దిగి, అప్పటిదాకా దాగిన కిడ్నీ జబ్బు బయటికొస్తుంది. ఒక్కో అధ్యయనంలో ఒక్కో లెక్క వచ్చినా, వైద్యం మొదలైన పిల్లుల్లో 15 నుంచి దాదాపు 50 శాతం దాకా ఇలా జరిగినట్టు చెప్పారు. ‘మందు వేశాక కిడ్నీలు పోయాయి’ అని ఇంటివాళ్లు అనుకుంటారు. నిజానికి ముందే ఉన్నది మందుతో కనిపించింది. కిడ్నీల భయంతో వైద్యం మానేస్తే ఆ అధిక ప్రవాహమే కిడ్నీలను మరింత అరగదీస్తుంది, గుండె సంగతి సరేసరి.

ఇప్పుడు ఆ పాత ప్రశ్న. ఎందుకొస్తుంది? ఒక్క దోషి దొరకలేదు. అనుమానితులు చాలామంది. డబ్బా తిండి ఎక్కువగా తినే పిల్లుల్లో జబ్బు ఎక్కువని పలు అధ్యయనాల్లో వచ్చింది, ముఖ్యంగా పైన రింగు పట్టి లాగి తెరిచే డబ్బాలు. డబ్బా లోపలి పూతలోని రసాయనాల మీద అనుమానం. పిల్లుల తిండిలో కలిపే సోయాలో థైరాయిడ్ పనిని చెదరగొట్టే పదార్థాలున్నాయి. అయోడిన్ ఒక తిండిలో మరీ ఎక్కువ, మరో తిండిలో మరీ తక్కువ ఉండటం కూడా కారణం కావచ్చంటారు. 1970ల నుంచి సోఫాల్లో, పరుపుల్లో, టీవీ పెట్టెల్లో నిప్పంటుకోకుండా కలిపిన పీబీడీఈ రసాయనాలు ఇంటి దుమ్ములో చేరాయి. నేలంతా పొర్లి, ఆ దుమ్మును నాలుకతో శుభ్రం చేసుకునే జంతువు పిల్లి. 2007లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ శాస్త్రవేత్తలు ఇళ్లలోని పిల్లుల రక్తం పరీక్షిస్తే, అక్కడి మనుషుల్లో ఉండే స్థాయికి 20 నుంచి 100 రెట్ల పీబీడీఈలు కనిపించాయి. అంతమాత్రాన అవే జబ్బు తెచ్చాయని రుజువు కాలేదు. జబ్బు పుట్టినట్టు కనిపించిన కాలమూ ఈ రసాయనాలు ఇళ్లలోకి వచ్చిన కాలమూ ఒకటేనన్నది కొట్టిపారేయలేని సంగతి. సయామీ, హిమాలయన్ జాతి పిల్లులకు ఈ జబ్బు తక్కువగా వస్తుంది, కాబట్టి పుట్టుకకూ వాటా ఉంది. హాంకాంగ్‌లో పదేళ్లు దాటిన పిల్లులను చూస్తే జబ్బున్నవి నూటికి నాలుగు కూడా లేవు, కాబట్టి బతికే చోటుకూ వాటా ఉన్నట్టే.

మన సంగతి? అన్నం మెతుకులు, చేపల తలకాయలు తిని గోడల మీద తిరిగే ఊరి పిల్లులకు ఈ జబ్బు వచ్చే వయసే దక్కదు. హైదరాబాద్, విశాఖ, విజయవాడ అపార్టుమెంట్లలో గడప దాటకుండా, ప్యాకెట్ తిండితో పెరుగుతున్న పిల్లులు ఇక ఆ వయసుకు చేరుకుంటాయి. అమెరికాలోనో బ్రిటన్‌లోనో పిల్లిని పెంచుకుంటున్న తెలుగు కుటుంబాలకు అక్కడి పశువైద్యుడు ఏటా టీ4 రాయడం ఇప్పటికే అలవాటై ఉంటుంది. ఇక్కడ మనమే అడగాలి. ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లిని నెలకోసారి పసిపిల్లల తూకం మీద పెట్టి గోడ క్యాలెండర్ మీద రాసుకుంటే చాలు, సగం పరీక్ష ఇంట్లోనే అయినట్టు. పిల్లిని ఎత్తుకుని మన తూకం మీద నిలబడి తీసివేత చేస్తే ఇరవై ముప్పై గ్రాముల తేడాలు దొరకవు. ఇంట్లో ఎవరికో రాసిన థైరాయిడ్ మాత్రను మాత్రం పిల్లికి వేయకూడదు. మనుషుల ఇళ్లలో ఎక్కువగా ఉండేది హార్మోను పెంచే మాత్ర, ఈ పిల్లికి అదే విషం.

వైద్యం దారులు నాలుగు. హార్మోను తయారీని ఆపే మెథిమజోల్, లేదా ఒంట్లోకి వెళ్లాక మెథిమజోల్‌గా మారే కార్బిమజోల్, రోజూ జీవితాంతం. మాత్ర మింగని పిల్లికి చెవి లోపల పూసే జెల్ కూడా ఉంది. అయోడిన్ బాగా తగ్గించిన ప్రత్యేక ఆహారం, పక్కింట్లో ఒక చేపముక్క తిన్నా వృథా. శస్త్రచికిత్స. చివరిది రేడియో అయోడిన్. ఒక్క ఇంజెక్షనుతో ఇంచుమించు 95 శాతం పిల్లులకు నయమవుతుంది. అయోడిన్‌ను ఆబగా పీల్చుకునేవి గడ్డలే, పక్కనున్న మంచి కణాలు టీఎస్‌హెచ్ లేక నిద్రలో ఉన్నాయి కాబట్టి చాలావరకు బతికిపోతాయి. రేడియోధార్మికత తగ్గేదాకా పిల్లిని కొన్ని రోజులు విడిగా ఉంచాలి కాబట్టి అందుకు అనుమతి, వసతి ఉన్న కేంద్రాల్లోనే చేస్తారు.

మాత్రలు మొదలుపెట్టిన రెండు మూడు వారాలకు టీ4తో పాటు క్రియాటినిన్, రక్తకణాల లెక్క, బీపీ మళ్లీ చూస్తారు. మొదటి మూడు నెలల్లో ముఖం గోక్కుని పుండు చేసుకోవడం, వాంతులు, తెల్లకణాలు పడిపోవడం లాంటి దుష్ఫలితాలు రావచ్చు, అందుకే ఈ పరీక్షలు తప్పనిసరి. టీ4ను మామూలు హద్దు దిగువ సగంలో నిలపడం లక్ష్యం. మరీ అడుగుకు దిగితే థైరాయిడ్ మందగించినట్టై కిడ్నీలకు చేటు. జబ్బు కనిపెట్టేటప్పుడు పెద్దగా పనికిరాని ఆ టీఎస్‌హెచ్ పరీక్ష అక్కరకొచ్చేది ఇక్కడే. అది పెరిగి కనిపిస్తే మోతాదు ఎక్కువైంది, తగ్గించాలి.